ఎంబార్గో ఎవరిని కట్టేస్తుంది? మా ఫ్యాన్ సైట్‌లో ఐదు రోజుల కేస్ స్టడీ

శుక్రవారం సాయంత్రం ఐదు దాటాక ఆ మెయిల్ వచ్చింది. సబ్జెక్ట్ లైన్ మొదట్లోనే ఎంబార్గో (అంటే చెప్పిన టైమ్ దాకా బయటపెట్టొద్దని) అని ఉంది, పక్కన "మంగళవారం 00:01" అని టైమ్. లోపల సీజన్ చివరి రెండు ఎపిసోడ్ల కథాసారం, అతిథి నటుల జాబితా, ఆరు ఫోటోలు. పంపింది చానల్ ప్రెస్ ఆఫీసు. అందింది నాకు, మా సైట్‌లో వార్తలు చూసుకునే ఇంకో తమ్ముడికి. టీమ్‌లో మిగతా తొమ్మిది మందికి అలాంటి మెయిల్ వచ్చిందన్న సంగతి కూడా తెలియదు.

అప్పటినుంచి మంగళవారం దాకా ఏం జరిగిందో, ఎక్కడ తప్పు చేశామో, తర్వాత ఏం మార్చుకున్నామో ఇక్కడ రాస్తున్నాను. నేను ఒక టీవీ సిరీస్‌కి తొమ్మిదేళ్లుగా ఫ్యాన్ సైట్ నడుపుతున్నాను. సిరీస్ పేరు, చానల్ పేరు చెప్పడం లేదు. జరిగిన తప్పులో పెద్ద వాటా నాదే, వాళ్లను వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. ఫ్యాన్ సైట్లు ఎంబార్గో పాటించాలా అని అడిగితే చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేనూ అలాగే తేల్చేసేదాన్ని. ఇప్పుడు మాత్రం ఎవరైనా అడిగితే, మీరు ఎవరి దగ్గర ఏం తీసుకున్నారు, తీసుకునేటప్పుడు ఏ మాట ఇచ్చారు అని ముందు నేను ఎదురు అడుగుతున్నాను.

ముందు ఎంబార్గో గురించి నాలుగు మాటలు

ఎంబార్గో అంటే ఒక ఒప్పందం. "ఈ సమాచారం మీకు ముందే ఇస్తాం, ఫలానా టైమ్ దాకా బయటపెట్టకండి" అని ఒకరంటారు, సరేనని ఇంకొకరు తీసుకుంటారు. దాని వెనక ఉన్నది ప్రధానంగా నమ్మకమే. ఫోటోల మీద, రాసిన వాక్యాల మీద కాపీరైట్ వేరే ఉంటుంది కానీ అది వేరే లెక్క. పత్రికలకు ఈ పద్ధతి అక్కరకొచ్చేదే. వారపత్రిక ప్రింటుకు వెళ్లాలంటే ప్రసారానికి చాలా రోజుల ముందే వివరాలు చేతిలో ఉండాలి. రివ్యూ రాసేవాళ్లు తీరిగ్గా చూసి, ఆలోచించి రాయాలంటే స్క్రీనర్ (ప్రసారానికి ముందు విమర్శకులకు పంపే ఎపిసోడ్ కాపీ) ముందే అందాలి. అందరికీ ఒకటే టైమ్ పెడితే, ఒకరికంటే ఒకరు ముందు వేయాలన్న కంగారులో తప్పులు దొర్లవు. 00:01 అని రాయడానికీ కారణం ఉంది. "మంగళవారం అర్ధరాత్రి" అంటే సోమవారం రాత్రి పన్నెండా, మంగళవారం రాత్రి పన్నెండా అని సందేహం వస్తుంది. ఒక్క నిమిషం కలిపితే ఆ సందేహం తీరిపోతుంది.

ఒక్కోసారి టైమ్‌తో పాటు జాబితా కూడా వస్తుంది. 'మ్యాడ్ మెన్' సిరీస్ సృష్టికర్త మాథ్యూ వైనర్ విమర్శకులకు ఎపిసోడ్లు పంపేటప్పుడు ఏమేం బయటపెట్టకూడదో రాసి పంపేవారు. కొత్త సీజన్ కథ ఏ సంవత్సరంలో మొదలవుతుందన్నది కూడా చెప్పొద్దనేవారు.

అడగకుండా వచ్చిన మెయిల్ మీద ఎంబార్గో అని ఉన్నంత మాత్రాన, అందుకున్నవాళ్లు మాట ఇచ్చినట్టా? దీని మీద విలేకరుల్లోనే వాదన ఉంది. నా మటుకు, ఇవ్వని మాటకు ఎవరూ బాధ్యులు కారనే అంటాను. కానీ మా విషయంలో ఆ వాదనకు చోటే లేదు. ప్రెస్ లిస్ట్‌లో, అంటే చానల్ ముందే సమాచారం పంపేవాళ్ల జాబితాలో, చేర్చమని నాలుగేళ్ల కిందట నేనే అడిగాను. ఫారం నింపాను. ఎంబార్గోలు పాటిస్తానన్న గడిలో టిక్ పెట్టాను. మమ్మల్ని కూడా పత్రికలవాళ్ల వరసలో చూస్తున్నారని ఆ రోజు ఎంత సంబరపడ్డానో నాకింకా గుర్తుంది.

శనివారం దొరికిన స్క్రీన్‌షాట్

మా టీమ్‌లో ఒక అమ్మాయి ఉంది. నటీనటుల ఏజెన్సీల పేజీలు ఓపిగ్గా తిరగేయడం ఆమె అలవాటు. ఏజెన్సీలు తమ నటుల సీవీలు అందరికీ కనిపించేలా పెడతాయి: ఏ సిరీస్‌లో, ఏ పాత్ర, దర్శకుడెవరు. శనివారం పొద్దున ఆమె మా గ్రూప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పెట్టింది. ఒక నటి సీవీలో మా సిరీస్ పేరుంది, ఈ సీజన్ నంబరుంది, పక్కనే పాత్ర పేరుంది. ఆ పాత్ర చనిపోయి రెండు సీజన్లయింది.

నా గుండె ఝల్లుమంది. ముందురోజు సాయంత్రం మెయిల్‌లోని ఆరో ఫోటోలో చూసింది ఆమెనే.

ఆ స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉండుంటే నాకు దారి తెలుసు. ఫ్లాష్‌బ్యాక్ కావచ్చు, పాత ఫుటేజ్ కావచ్చు, సీవీలోనే పొరపాటు ఉండొచ్చు అని రాసి, స్పాయిలర్ హెచ్చరిక (చదివితే కథ ముందే తెలిసిపోతుందని) పెట్టి, నొక్కితే గానీ కనిపించకుండా వేసేవాళ్లం. అలాంటివి చాలా వేశాం. ఇప్పుడు నాకు నిజం తెలిసిపోయింది. "కావచ్చు" అని రాస్తే పాఠకులతో అబద్ధమాడినట్టు. "అవును" అని రాస్తే మెయిల్‌లోది బయటపెట్టినట్టు. మెయిల్ చూడకముందు నాకున్న తెలియనితనాన్ని మళ్లీ తెచ్చుకోవడం నా చేతిలో లేదు.

ప్రస్తుతానికి ఆపు అన్నాను. అది ఇంకో తప్పు.

"అక్కా, మామూలుగా మీరు ఇలాంటివి ఆపరు కదా. అంటే ఇది నిజమేనన్నమాట," అంది.

నేను ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడంతోనే చెప్పేసినట్టయింది. ఎంబార్గో మాట తెలియని మనిషికి నా "ఆపు" అన్న మాటే లీక్ అయ్యింది.

"ఇది నేను వెతికి పట్టుకున్నది. నాకు ఎవరూ ఏ మెయిలూ పంపలేదు, నేను ఎవరికీ మాట ఇవ్వలేదు. నన్నెందుకు ఆపుతున్నారు?" అని తర్వాత విడిగా అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. కాకపోతే బయటివాళ్లకు మేమందరం ఒకే సైట్. అందులో ఎవరు మెయిల్ చూశారో, ఎవరు చూడలేదో ప్రెస్ ఆఫీసుకు నిరూపించి చూపించే దారి మాకు లేదు.

ఆదివారమంతా గ్రూప్‌లో వాదనలే. మనం చానల్‌లో ఉద్యోగం చేస్తున్నామా అని ఒకరు. లిస్ట్‌లోంచి తీసేస్తే ఫోటోలు ఎవరిస్తారు అని ఇంకొకరు. ఈ రెండో మాట నన్ను ఎక్కువ గుచ్చింది, ఎందుకంటే నా మనసులో మూల ఎక్కడో ఉన్నదీ అదే. ఇచ్చిన మాట కోసం ఆగానా, రాబోయే ఫోటోల కోసం ఆగానా? ఆ రోజుకు ఆ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయి ఉన్నాయి.

చేయాల్సిన పని చాలా చిన్నది. శనివారం పొద్దునే ప్రెస్ ఆఫీసుకు రెండు లైన్లు రాయాలి: ఫలానా పేజీలో ఈ విషయం అందరికీ కనిపిస్తోంది, మీ మెయిల్‌తో సంబంధం లేకుండా మావాళ్లకు దొరికింది, వేయొచ్చా? విలేకరులు నిత్యం చేసే పని ఇది. నాకు తట్టలేదు, తట్టినా జంకానేమో. అడిగితే మనం స్పాయిలర్ల కోసం తవ్వుతున్నామని అనుకుంటారేమోనన్న భయం ఉండేది.

ఇక్కడ టీవీతో సంబంధం లేని ఒక పాత సంగతి చెప్పాలి. 1945 మే 7న ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో జర్మనీ లొంగుబాటు పత్రాల మీద సంతకాలు జరిగాయి. అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ విలేకరి ఎడ్వర్డ్ కెనెడీ అక్కడే ఉన్నారు. సైన్యం చెప్పేదాకా వార్త పంపకూడదని విలేకరులందరికీ షరతు పెట్టారు. ఇంతలో జర్మన్ రేడియోలోనే ఆ ప్రకటన వచ్చేసింది. ఇక దీన్ని పట్టుకుని కూర్చోవడంలో అర్థం లేదని, నేను కట్టుబడి ఉండనని సెన్సార్ అధికారికి చెప్పి మరీ ఆయన వార్త పంపారు. ఉద్యోగం పోయింది. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 2012లో, ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. ఒక పాత్ర తిరిగి రావడం యుద్ధం ముగియడంతో సమానం కాదు, మేం నాలుగు రోజులు ఆగితే ఎవరికీ నష్టం లేదు. కానీ షరతు విలువ పోయిందనుకున్నప్పుడు ఆ మాట వాళ్ల ముఖం మీదే చెప్పాడు చూడండి, ఆ ముక్క నాకు పనికొచ్చింది. ఆలస్యంగానే అయినా.

సోమవారం

పదకొండు గంటలకు ఇంకో ఫ్యాన్ సైట్ అదే సీవీ చూసి వార్త వేసింది. వాళ్లు ప్రెస్ లిస్ట్‌లో లేరు, ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు, స్పాయిలర్ హెచ్చరిక పెట్టే వేశారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు ఏమీ కనబడలేదు. మా పాఠకులు మాత్రం మమ్మల్ని నిలదీశారు: ఇంత పెద్ద సంగతి మీకు తెలియదా, తెలిసీ దాచారా?

అప్పుడు, మధ్యాహ్నం రెండుకి, ప్రెస్ ఆఫీసుకు రాశాను. నలభై నిమిషాల్లో జవాబు వచ్చింది. ఏజెన్సీ పేజీలో ఉన్నది తమ చేతిలో లేదని, దాని గురించి రాసుకోవచ్చని, తాము పంపిన ఫోటోలు, కథాసారం మాత్రం మంగళవారం టైమ్‌కే వేయమని. శనివారమే అడిగుంటే ఇదే జవాబు శనివారమే వచ్చేది. ఆ అమ్మాయి కష్టానికి ఆమె పేరే ఉండేది. మేం ఆ రెండో సైట్ పేరు చెప్పి వార్త వేశాం.

కథ అక్కడితో అయిపోతే ఇది రాసేదాన్ని కాదు.

మూడు గంటలకు మంగళవారం వేయాల్సిన ఆర్టికల్ సిద్ధం చేశాను. డ్రాఫ్ట్‌లోనే ఉంచాను, 00:01కి షెడ్యూల్ చేశాను, టైమ్ జోన్ రెండుసార్లు చూసుకున్నాను. ఆరు ఫోటోలూ అప్‌లోడ్ చేశాను. డ్రాఫ్ట్ బయటికి కనిపించదు. కానీ మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో, అలాంటివి చాలా వాటిలో, ఫోటో అప్‌లోడ్ చేసిన క్షణం నుంచే దాని అడ్రస్ పనిచేస్తుంది. ఆర్టికల్ దాగి ఉన్నా ఫోటో దాగదు. సంవత్సరం పేరుతో ఫోల్డరు, అందులో నెల, అందులో ఫైల్ పేరు. ఆ ఫైల్ పేరేమో ప్రెస్ ఆఫీసు నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది: సిరీస్ పేరు, ఎపిసోడ్ నంబరు, పాత్ర పేరు. ప్రతివారం అదే వరస.

మా పాఠకుల్లో ఒకతను ఆ వరసను ఎప్పుడో గమనించాడట. పాత్ర పేరు సోమవారం పొద్దునే బయటికొచ్చింది కదా. పోయినవారం ఫోటో అడ్రస్ తీసుకుని, ఎపిసోడ్ నంబరు మార్చి, పాత్ర పేరు మార్చి ఎంటర్ నొక్కాడు. ఫోటో తెరుచుకుంది. ఆమె ముఖం, ఆమె వెనక గోడ మీద కథ మొత్తాన్ని పట్టించే ఒక గుర్తు. సీవీలో లేనిది, వచ్చింది ఫ్లాష్‌బ్యాక్‌లో కాదని తేల్చేసేది ఆ గుర్తే. బ్రౌజర్‌లో మా సైట్ అడ్రస్ కూడా కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి అందరికీ పెట్టాడు.

రాత్రి 9:40కి చూశాను. ఎంబార్గోకు ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలుంది. చేతులు వణుకుతుంటే ఫోటో డిలీట్ చేశాను. అయినా తెరుచుకుంటూనే ఉంది: పేజీలు త్వరగా లోడ్ అవడానికి మేం వాడే సర్వీసు తన దగ్గర కాపీ దాచుకుని అదే చూపిస్తోంది. దాన్ని కూడా ఖాళీ చేసేసరికి ఇంకో ఇరవై నిమిషాలు. అప్పటికి ఆ స్క్రీన్‌షాట్ మా చేతుల్లోంచి ఎప్పుడో దాటిపోయింది.

ప్రెస్ ఆఫీసువాళ్లు చూసేలోపే నేనే రాశాను. ఏం జరిగింది, ఎన్ని గంటలకు, ఏ ఫోటో, ఇప్పుడు ఎక్కడెక్కడ ఉంది. ఫైల్ పేరు మీరు పెట్టిందేనని రాయబోయి తీసేశాను. పేరు వాళ్లదే అయినా, తలుపు తెరిచి పెట్టింది నేను. పొద్దున జవాబు వచ్చింది, మర్యాదగానే: వెంటనే చెప్పినందుకు థాంక్స్, సీజన్ అయ్యేదాకా మిమ్మల్ని లిస్ట్‌లోంచి తీసేస్తున్నాం. ఆ శిక్ష సబబేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

మిగతాచోట్ల జరిగినవి

లిస్ట్‌లో లేని ఆ వారాల్లో, ఇలాంటివి ఇంకెక్కడ ఎలా జరిగాయో వెతికి చదివాను. పైకి అన్నీ లీకులే. దగ్గరికెళ్లి చూస్తే ఒకదానికొకటి పోలిక లేదు.

2011లో బీబీసీ సిరీస్ 'డాక్టర్ హూ' కొత్త సీజన్ మొదటి రెండు ఎపిసోడ్లను ప్రసారానికి ముందే చూపించారు. వెళ్లినవాళ్లలో ఒక అభిమాని కథంతా ఆన్‌లైన్‌లో రాసేశాడు. అప్పటి ప్రధాన రచయిత స్టీవెన్ మోఫాట్ బీబీసీ రేడియోలోనే మండిపడ్డారు. ఆయన కోపం నాకు పూర్తిగా అర్థమవుతుంది. నమ్మి ఇంట్లోకి పిలిస్తే చేసిన పని అది. 2015 ఏప్రిల్‌లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఐదో సీజన్ మొదలవడానికి ముందురోజు, పది ఎపిసోడ్లలో నాలుగు, విమర్శకులకు పంపిన స్క్రీనర్ల నుంచి బయటికొచ్చేశాయి. మరుసటి ఏడాది ఆ సిరీస్ చానల్ హెచ్‌బీఓ విమర్శకులెవరికీ ముందస్తు కాపీలు పంపలేదు. ఎవరో ఒకరు మాట తప్పితే, తప్పనివాళ్లందరూ కలిసి మూల్యం చెల్లించారు.

2013 మేలో జరిగింది దీనికి పూర్తిగా వేరు. 'డాక్టర్ హూ' సీజన్ చివరి ఎపిసోడ్ ఉన్న బ్లూరే డిస్కులు పొరపాటున అమెరికాలో రెండు వందల పైచిలుకు మంది కొనుగోలుదారులకు ప్రసారానికి ముందే చేరిపోయాయి. వాళ్లు ఏ గడిలోనూ టిక్ పెట్టలేదు, డబ్బు పెట్టి కొనుక్కున్నారు. తప్పు అమ్మినవాళ్లది. బీబీసీ చేయగలిగిందల్లా బతిమాలడం: దయచేసి బయటపెట్టకండి, గుట్టు నిలబడితే డాక్టర్ పాత్ర వేసిన మ్యాట్ స్మిత్, డేవిడ్ టెనెంట్ కలిసి ఉన్న వీడియో ఒకటి అభిమానుల కోసం విడుదల చేస్తాం అన్నారు. మే 18న ఎపిసోడ్ వచ్చేదాకా గుట్టు నిలబడింది, వీడియో కూడా వచ్చింది. ఎవరి మీదా ఏ ఒప్పందమూ లేనిచోట రహస్యం నిలిచిందంటే, వాళ్లు ఆలోచించింది చానల్ గురించి అయ్యుండదు. తమలాగే ఎదురుచూస్తున్న మిగతావాళ్ల గురించి ఆలోచించి ఉంటారు. ఫ్యాన్ సైట్ నడిపేవాళ్లకు ఆ బాధ్యత ఎంబార్గో ఉన్నా లేకున్నా ఉంటుంది. ఆ స్పాయిలర్ హెచ్చరికలన్నీ అందుకే.

2016లో జరిగింది మాత్రం చదువుతుంటే నాకు కోపమొచ్చింది. 'ది వాకింగ్ డెడ్' ఆరో సీజన్ చివర్లో విలన్ నీగన్ ఎవరిని చంపాడో చూపించకుండా ముగించారు. 'ది స్పాయిలింగ్ డెడ్ ఫ్యాన్స్' అనే అభిమానుల బృందం అదెవరో కనిపెట్టే పనిలో ఉంది. ఆ జూన్‌లో ఆ సిరీస్ చానల్ ఏఎంసీ వాళ్ల లాయర్ల నుంచి లేఖ వచ్చింది: మీ అంచనా ప్రకటించి, అది నిజమైతే, కాపీరైట్ ఉల్లంఘన కింద కేసు వేస్తామని. ఆ బృందం వెనక్కి తగ్గింది. వాళ్లేమీ మెయిల్ తీసుకోలేదు, ప్రదర్శనకు వెళ్లలేదు, మాట ఇవ్వలేదు. ఇవ్వని మాటను లాయర్ లేఖతో రాబట్టడం ఏ రకంగా చూసినా న్యాయం కాదు. ఎంబార్గోను గౌరవించమని నేను ఎంత గట్టిగా చెబుతానో, ఇలాంటి బెదిరింపును ఎంబార్గో అని పిలవొద్దని అంతే గట్టిగా చెబుతాను.

ఇంకొకటి కూడా ఉంది. షూటింగ్‌లో ఎవరికైనా దెబ్బలు తగిలాయి, పనిచేసినవాళ్లకు డబ్బు అందలేదు, ఇలాంటి విషయాల మీద ఎవరైనా ఎంబార్గో పెట్టబోతే మేం ఒప్పుకోం. కథలో మలుపు దాచడం వేరు, జరిగిన అన్యాయం దాచడం వేరు.

ఇప్పుడు మేం చేస్తున్నది

ఎంబార్గో మెయిల్ ఇప్పుడు నేనొక్కదాన్నే చూస్తాను. టీమ్ సొంతంగా పట్టుకొచ్చేవాటి మీద నాకు ఓటు లేదు. ఏది వేయాలో, ఏది ఆపాలో ఆ అమ్మాయే నిర్ణయిస్తుంది, నన్ను అడగదు. ఫారంలో కొత్త షరతు ఒకటి రాయించాను: మెయిల్‌తో సంబంధం లేకుండా, అందరికీ కనిపించే చోట దొరికినవాటికి ఎంబార్గో వర్తించదు. ప్రెస్ ఆఫీసు పెద్దగా అభ్యంతరం లేకుండానే ఒప్పుకుంది. ఫోటోలకు మా సొంత పేర్లు, అర్థంపర్థం లేని అక్షరాలతో. టైమ్ దాటాకే అప్‌లోడ్. సైట్‌లో అందరికీ కనిపించేలా ఒక పేజీ పెట్టాం: మేం ప్రెస్ లిస్ట్‌లో ఉన్నాం, అప్పుడప్పుడు మాకు తెలిసినా చెప్పం, కారణం ఇది. పాఠకులకు ఆ సంగతి తొమ్మిదేళ్ల కిందటే చెప్పాల్సిందని ఒకతను రాశాడు. లిస్ట్‌లో చేరి నాలుగేళ్లే అయిందన్నది పక్కన పెడితే, అతను అన్నది నిజమే.

నాకూ టీమ్‌కూ మధ్య కట్టుకున్న ఈ గోడకు ఖరీదు ఉంది. కొత్త సీజన్‌లో మూడో మెయిల్ వచ్చిన మర్నాడు ఆ అమ్మాయి ఇంకో సీవీ ఆధారంగా ఒక వార్త వేసింది. అందులోని అంచనా తప్పని నాకు తెలుసు. మెయిల్‌లోనే ఉంది. చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే ఆమె పేరు మీద తప్పు వార్త నాలుగు రోజులు ఉంటుంది. చెప్పలేదు. ఆ నాలుగు రోజులూ సైట్ తెరవాలంటే మనసొప్పలేదు. ఎంబార్గో దాటిన నిమిషానికి సవరణ వేశాను.

"అక్కా, మీకు శుక్రవారమే తెలుసా?" అని అడిగింది.

తెలుసన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ వార్త తెరిచి, "ఇది సీవీ చూసి వేసుకున్న అంచనా మాత్రమే, ఎవరూ ధ్రువీకరించలేదు" అని కింద చిన్న అక్షరాల్లో ఉన్న లైన్‌ను తీసుకెళ్లి హెడ్డింగ్ కిందే పెట్టింది. అప్పటినుంచి ఆమె వేసే ప్రతి వార్తలో అది అక్కడే ఉంటోంది.